బొల్లిది ఇంకా రాలేదు

ఇదిగో, మళ్ళీ మొదలు. పొద్దు గుట్ట వెనక్కి జారిందో లేదో మల్లేశప్ప పోయి రొప్పం నోటి దగ్గర నిలబడ్డాడు. రొప్పమంటే ఏముంది, ఇంటి పక్కన చుట్టూ తుమ్మకంప వేసి కట్టుకున్న గొర్రెల దొడ్డి. పేరుకు గొర్రెల దొడ్డే గాని, అందులో గొర్రె అన్నది అడుగుపెట్టి మూడేళ్ళు దాటింది. ఎండి పొడైన పెంటికలు, కంపకు చిక్కుకుని గాలికి ఊగే పాత ఉన్ని పోగులు, ఒక మూల పగిలిన నీళ్ళ తొట్టి, అంతే. ఆ ఖాళీ దొడ్డికి ఈయన కాపలా. ఎడమచేత్తో కంపతడిక పట్టుకుని, కుడిచెయ్యి తొడ ఎత్తున చాపి, దారిలోకి చూస్తూ తాలూకాఫీసు ముందు జవానులా బిగుసుకుని నిలబడ్డాడు. నిలబడనీ, దానికేం, ఏడాదిగా నిలబడుతున్నదే. మాపు కాగానే లేని గొర్రెలను పేరుపేరునా పిలిచి, లోపలికి తోలుకుని, తడిక మూసి, వచ్చి కంచం ముందు కూర్చునేవాడు. ఊరంతా నవ్వినా కెంచమ్మ ఓర్చుకుంది. మొగుడు ఏమి తోలుకుంటే నాకేం, తింటున్నాడు కదా, అదే పదివేలు అనుకుంది. కానీ మొన్న మాపటినుంచి కొత్త పేచీ పెట్టుకున్నాడు. అన్నీ వచ్చినాయట, ఒక్కటి రాలేదట. బొల్లిది రాలేదట. గొర్రె బయట ఉండగా గొర్రెలాయన కూడు ముట్టకూడదట. మొన్న మాపు ముట్టలేదు. నిన్నంతా ముట్టలేదు. ఇవాళ పొద్దున ఇంత మజ్జిగ నోట్లో పోస్తే దాన్నీ ఉమ్మేశాడు. అసలే ఎముకలగూడు. ఇంకొక పూట ఇట్లాగే గడిస్తే మనిషి దక్కడు. ఆ సంగతి కెంచమ్మకు ఏ డాక్టరూ చెప్పనక్కరలేదు, మేత మాని పడుకున్న గొర్రెలను ఎన్నింటిని చూడలేదు!

"ఓయ్, ఎర్రిస్వామి నాయనా! సంగటి సల్లారిపోతాండాది" అని అరిచింది, గుడ్డలుతికే బండమీద కంచం పక్కన కూలబడి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. సంగటి పొగలు కక్కుతున్నప్పుడే ఆయనకు ఇష్టం. వేళ్ళు కాలాలి, నాలుక కాలాలి, కళ్ళలో నీళ్ళు తిరగాలి, అప్పుడు గాని తిన్నట్టు కాదు. ఎప్పుడో, కొడుకు ఎర్రిస్వామి చంకలో పిల్లవాడుగా ఉన్నప్పుడు, ముద్ద చల్లారిందని కంచం తీసుకుపోయి కుక్క ముందర పెట్టి మళ్ళీ ఎసరు పెట్టించాడు. ఆ మనిషేనా ఈ మనిషి? ఆ రోజే ఆ కంచం ఎత్తి నెత్తిన ఒకటి వేసి ఉండాల్సింది. వేయలేదు. అన్నీ ఓర్చుకుంది. ఓర్చుకునేవాళ్ళ నెత్తినే ఇంకో మూట పెడతాడు దేవుడు, వాడికీ సులువు కదా. ఈ నడుమొకటి. కోడి కూసినప్పటినుంచి వేరుశనగ పెరకడమే. భూమి బిగిసి బండైంది. ఊడలు దిగే కాలంలో వాన మొహం చాటేసి, అందరూ ఆశ వదులుకున్నాక నాలుగు చినుకులు రాల్చి చక్కా పోయింది. చెట్టు పట్టి లాగితే తీగ చేతికొస్తోంది, కాయ మట్టిలోనే ఉండిపోతోంది. వచ్చిన కాయనైనా చెవి దగ్గర పెట్టుకుని ఊపితే సగం పొల్లు. అరచేతులు బొబ్బలెక్కి, విరిగినట్టున్న నడుము మోసుకుని ఇంటికొస్తే ఇక్కడ ఈ జాతర. పంచలో కోడలు భాగీరథమ్మ పెరికిన చెట్లకు కాయలు తెంపుతూ కూర్చుంది, టప్ టప్ అని చాటలో పడుతున్నాయి. తల ఎత్తి ఇటు చూడదు. చూసి ఏం చేస్తుంది పాపం, "ఎవురి బిడ్డవమ్మా నువ్వు, ఏ ఊరు?" అని రోజుకొకసారి అడిగే మామకు జవాబు చెప్పి చెప్పి ఆమెకూ నోరు నొచ్చింది. మొదట్లో "నేను మీ కోడల్ని మామా" అనేది. ఇప్పుడు "తిరుమణి" అని చెప్పి ఊరుకుంటుంది. అబద్ధమేం కాదు, పుట్టిల్లు తిరుమణే.

అదిగో, చెయ్యి కదులుతోంది. వస్తున్నాయన్నమాట మహారాణులు. "రా... రా... కర్రిది... ఏయ్ మొండిచెవుదీ, తోసుకోగాకే... కుంటిది మెల్లగ వస్తాది, దోవ ఇడువండి దానికి..." అని గొణుగుతున్నాడు. గాలిలో ఒక్కొక్క వీపూ నిమిరి లోపలికి పంపుతున్నాడు. వట్టి గాలి అని తెలిసీ కెంచమ్మ కళ్ళు ఆ చేతి వెంటే పోతాయి, పాడు కళ్ళు. ఆయన వంశంలో గొర్రెలను అట్లాగే లోపలికి తీసుకునేది. మాపటేళ మంద వస్తుంటే లేచే దుమ్ములో ఏది ఏదో ఎవరికి కనబడుతుంది? అందరూ కళ్ళు చికిలించుకుని చూస్తే ఈయన చూపు మానేసి చెయ్యి చాపేవాడు. అరచేతికి తగిలిన వీపును బట్టి పేరు పలికేవాడు. ఏది కడుపుతో ఉంది, దేనికి జ్వరం కాస్తోంది, ఏది మేత సరిగా తినలేదు, అన్నీ ఆ అరచేతికి తెలిసేవి. "కండ్లకు కనిపించింది కల అయినా అయ్యుండొచ్చు, చేతికి తగిలింది గొర్రె" అని వాళ్ళ నాయన చెప్పేవాడట. చెప్పాడు సరే. ఆ చెయ్యి ఒక్కనాడైనా పెళ్ళాం నుదుటి మీద పడిందా? జ్వరమొచ్చి మూలుగుతుంటే "పండుకో" అనేవాడు, అది వైద్యం. వీపు నొప్పి అంటే "మంచిది" అనేవాడు, వినిపించుకోకుండానే. గొర్రె తుమ్మితే మాత్రం లేచి కూర్చునేవాడు.

నీళ్ళున్న సీమకు మంద తోలుకుని పోయిన కాలం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది కెంచమ్మకు. అప్పటికి ఎన్నేళ్ళు ఆమెకు? ముక్కుపుడక పెట్టుకున్న కొత్త. నెత్తిన కుండలు, నిండు కడుపు, కాళ్ళకింద ముళ్ళు, ముందు మంద, మంద ముందు మొగుడు. వెనక్కి తిరిగి చూసేది గొర్రెలనే. ఏ ఊరి పొలంలోనో కానుగచెట్టు కింద నొప్పులు మొదలైతే తోటి ఆడవాళ్ళు కంబళి అడ్డం పట్టారు. ఈయన కంబళి అవతల తచ్చాడుతున్నాడనే అనుకుంది ఆమె. ఎర్రిస్వామి పుట్టి కేరుమన్నాక పిలిస్తే లేడు. బొల్లిది అడ్డం తిరిగిందట, పిల్ల రావడంలేదట, దాని దగ్గర కూర్చున్నాడు. మోచేతుల దాకా నెత్తురుతో వచ్చి, పళ్ళికిలించి, "రెండు ప్రాణాలూ దక్కినాయి కెంచీ" అన్నాడు. ఏ రెండు ప్రాణాలు? గొర్రెవీ, గొర్రెపిల్లవీ! తనదీ బిడ్డదీ అడగనేలేదు. ఆ బొల్లిది మొన్నటి బొల్లిదానికి ముత్తవ్వకు ముత్తవ్వ. ఆ ఇంట్లో మొహం మీద తెల్ల మచ్చతో పుట్టిన ప్రతిదీ బొల్లిదే, మందకు ముందు నడిచేది బొల్లిదే, ఆయన కంచంలో ముద్ద పెట్టించుకుని తినేది బొల్లిదే. సవతి పోరు పడలేదని మురిసిపోయే ఆడవాళ్ళను చూస్తే కెంచమ్మకు నవ్వొచ్చేది. మీకు తెలియదు లేండి, నాకు తరతరాల సవతి ఉంది, నాలుగు కాళ్ళది.

సరే, పోయింది కదా ఆ సవతి. పోయి మూడేళ్ళయింది కదా. ఇంకా ఎందుకమ్మా ఈ ఇంటి మీద పడి ఏడుస్తావు? ఊరంతా శనక్కాయ పిచ్చి పట్టింది. బీడు లేదు, బాట లేదు, గుట్ట పాదం దాకా మడక పెట్టి దున్నేశారు. గొర్రె నోరు ఎక్కడ పెట్టినా అది ఎవరిదో ఒకరి శనక్కాయ చెట్టే. రోజూ తగువులు, రోజూ పంచాయితీలు. మేసేది లేక మంద ఎండిపోతుంటే, వాన లేక చేను ఎండిపోతుంటే, ఎర్రిస్వామి అన్నాడు, "నాయనా, గొర్రెల కాలం పాయె. ఇయ్యి అమ్మి బోరేపిచ్చుకుందాం" అని. మల్లేశప్ప అవుననలేదు, కాదనలేదు. ఆ మౌనం చూసి ఒప్పుకున్నాడనుకున్నారు అందరూ. అదే తప్పు. ఆయన మౌనం ఎప్పుడు ఒప్పుకోలయింది గనక? లారీ వచ్చి బస్సురోడ్డు మీద ఆగింది. చెక్క వేసి ఒక్కొక్కదాన్నే ఎక్కిస్తుంటే ఈయన చెక్క పక్కన నిలబడి చెయ్యి చాపాడు. రొప్పం దగ్గర చేసినట్టే. వీపు తగిలినప్పుడల్లా పేరు చెప్పాడు, లోపలికి పంపాడు. అన్నీ ఎక్కాక బొల్లిది ఎగిరి దూకింది. నేరుగా ఇంటికి పరుగెత్తి వచ్చి ఈ తడిక ముందరే నిలబడింది. వ్యాపారి మనుషులు తాళ్ళు పట్టుకుని వెంటబడితే అందలేదు, కొమ్ము చూపింది. లారీ డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు. చివరికి ఈయనే పోయి, నాలుక తాటిస్తూ పిలిచాడు. పిలవగానే వచ్చేసింది. వచ్చి చేతిలో మూతి పెట్టింది. దాన్ని రెండు చేతులా ఎత్తుకుని పోయి తానే లారీలో దించాడు. దించి ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. కెంచమ్మకు ఆ రోజు సంతోషమే అయింది, ఎందుకు దాచాలి? ఇంటికి పట్టిన గబ్బు పోయింది, ఈగలు పోయాయి, నేనూ నలుగురు ఆడవాళ్ళలాగా ఒక ఇంటిపట్టున ఉంటాను అనుకుంది. బోరు లారీ వచ్చి రోజంతా రొద పెట్టి తవ్వితే, పిండి మర ముందు నిలబడ్డట్టు అందరి మొహాలూ తెల్లగా అయ్యాయి. దుమ్ము తప్ప చుక్క రాలేదు. గొర్రెలూ పాయె, నీళ్ళూ పాయె.

ఆ తరువాత పడుకున్నాడు. గోడకు మొహం పెట్టి పడుకున్నాడు. లేవడు, స్నానం చెయ్యడు, గడ్డం గీయించుకోడు, చేనికి రాడు. ఎర్రిస్వామి సోమరి అన్నాడు. తానూ అంది, "నడింట్ల పండుకునేకి నువ్వేమన్నా బాలింతవా?" అని. దాసమ్మ పొరుగింటి గోడమీదనుంచి తల పెట్టి గాలి సోకింది అంది. సరే గాలేమో అని మంత్రం వేసే బొమ్మన్న దగ్గరికి తీసుకుపోతే, ఆయన కళ్ళు మూసుకుని పసుపుతాడు కట్టి, గొర్రెపిల్లను కోయాలన్నాడు. "గొర్రెపిల్ల ఉంటే ఈ రోగమే రాదు గదప్పా" అని లేచి వచ్చేసింది కెంచమ్మ. పావగడలో బస్సు దిగి, బస్టాండు వెనక మెట్లెక్కి ఒక డాక్టరుకు చూపిస్తే, ఆ పిల్లవాడు కన్నడంలో అడిగాడు, కెంచమ్మ కన్నడంలో చెప్పింది, రోగి మాత్రం ఏ భాషలోనూ పలకలేదు. "మనసు కుంగిపోయిందమ్మా, మతిమరుపూ మొదలైంది, రెండూ కలిసి వచ్చాయి. మందు రాస్తాను గాని, తిండి తప్పనివ్వకండి, మాట్లాడిస్తూ ఉండండి" అన్నాడు. మాట్లాడించాలట! కాపురమంతా గొర్రెలతో తప్ప మాట్లాడని మనిషిని మాట్లాడించాలట. ఎర్ర సీసా టానిక్కు ఇచ్చాడు, దాన్ని తాగి ఈయన నోరు ఎర్రగా అయింది, అంతవరకే పనిచేసింది.

ఒక పొద్దున హఠాత్తుగా గోడ వదిలి లేచి కూర్చుంటే, అబ్బ, బాగయ్యాడనుకుంది. బాగవడం కాదు, అసలుది అప్పుడు మొదలైంది. ఉప్పు డబ్బాలో చెయ్యి కడిగాడు. తిరగలి పక్కన ఉచ్చ పోశాడు. చనిపోయిన తమ్ముడు దొడ్డన్న వస్తాడని వాకిట్లో కూర్చున్నాడు. ఇవన్నీ సరే, కడుగుతుంది, తుడుస్తుంది, లోపలికి తీసుకొస్తుంది. ఒక్కటే సహించలేనిది. ఒక రోజు ఆమె కంచం ముందు పెట్టి, ఊరుబిండి పచ్చడి వేసి, పక్కన కూర్చుంటే ఆమె మొహంలోకి పరాయి ఆడదాన్ని చూసినట్టు మర్యాదగా చూసి, "ఎవురమ్మా నువ్వు? మా కెంచి యాడికి పాయె?" అన్నాడు. కర్రిది గుర్తుంది, కుంటిది గుర్తుంది, కోసుకు తిన్న పొట్టేళ్ళ పేర్లన్నీ గుర్తున్నాయి, కెంచమ్మ ఎదురుగా కూర్చుని ఉంటే ఎవరమ్మా నువ్వు! ఒళ్ళు భగ్గుమంది ఆమెకు. "సచ్చిపోయిండాది నీ కెంచి" అనేసింది. అంతే, మనిషి కంచం తోసేసి, చంటిపిల్లవాడిలా వెక్కి వెక్కి, తలుపుకు తల కొట్టుకుని ఏడ్చాడు. పెళ్ళప్పటినుంచి ఆయన కంట్లో నీరు చూసింది లేదు, వాళ్ళ అమ్మ పోయినప్పుడు కూడా. బెదిరిపోయి, గడ్డం పట్టుకుని, "లేదులే అప్పా, లేదులే, నీళ్ళకు పోయిండాది, బిందె తీసుకోని నీళ్ళకు పోయిండాది, వస్తాది" అని చెప్పింది. ఊరుకున్నాడు. అప్పటినుంచి రోజూ అదే. కెంచి యాడ? నీళ్ళకు పోయిండాది. పాపం, ఎంతసేపని పోయిందో ఆ కెంచి, ఇంకా తిరిగి రాలేదు. ఆమె వచ్చేదాకా ఈ ఎవరమ్మానువ్వే సంగటి కెలకాలి, ఒళ్ళు కడగాలి, ఇదిగో, మాపటేళ ఖాళీ రొప్పం ముందు కూర్చోవాలి.

"బొల్లిది రాల్యా" అన్నాడు మల్లేశప్ప. గొంతులో నిజంగా కంగారు. దారిలోకి మెడ చాచి నాలుక తాటించాడు. మళ్ళీ తాటించాడు. చీకటి ఇంకా పూర్తిగా పడలేదు, గుట్ట అంచున ఎరుపు మిగిలి ఉంది, ఎవరో రేడియో పెట్టారు, కన్నడంలో ధరలు చెబుతోంది. "వచ్చింది లేప్పా, నేను జూస్తి, ముందే లోపలికి పాయె" అంది కెంచమ్మ. ఆయన తన అరచేతిని చూసుకుని తల అడ్డంగా ఊపాడు. తగల్లేదు. మొన్నా ఇదే అబద్ధం, ఇదే అరచెయ్యి. నిన్న ఇంకా తెలివి ఉపయోగించబోయి పరువు పోగొట్టుకుంది. ఊళ్ళో గొర్రె లేదు గాని దాసమ్మకు మేక ఉంది. దాన్ని బతిమాలి తెచ్చి, చెవులు పట్టుకుని లాక్కొచ్చి, ఆయన చేతికిందుగా తోసింది. చెయ్యి పడీ పడగానే ఈయన మండిపడ్డాడు. "ఇది మేక! మేకకూ గొర్రెకూ తేడా తెల్దనుకుంటివా? ఎవురి మేకమ్మా, తోలుకపో" అని గద్దించాడు. భార్యకూ పరాయిదానికీ తేడా తెలియదు గాని మేకకూ గొర్రెకూ తెలుసు! దాసమ్మ గోడమీద పడి నవ్వింది, "కెంచక్కా, రేపు కుక్కను తెచ్చి సూడు" అంది. నవ్వు తల్లీ నవ్వు. నీ మొగుడికి ఇంకా మతి ఉంది కదా, నవ్వు.

ఎర్రిస్వామి చేనినుంచి వచ్చాడు, తలమీద తీగల మోపు. దాన్ని వాకిట్లో పడేసి, తండ్రిని చూసి, తల్లిని చూసి, మూతి ముడిచాడు. వాడికీ కోపమే. బోరు దగ్గరినుంచి వాడికి అందరిమీదా కోపమే, అన్నిటికంటే తనమీద తనకు.

"ఇంగా ఆడే ఉండాడా? ఇడిసిపెట్టమ్మా. కడుపు కాల్తే ఆయప్పే వస్తాడు."

"రాడురా. రెండు దినాలాయె."

"రేపు ఆ కంప పీకి పారేస్తా. పెరికిన శనక్కాయ కట్టె వామి ఏసేకి జాగా లేదు. రొప్పం లేకుంటే ఆడ నిలబడేదీ ఉండదు, ఈ పీడా ఉండదు."

"రొప్పం పీకితే ఊరంతా ఎతుకుతాడురా, యాడని పట్టుకుందువు?"

వాడు కాళ్ళైనా కడుక్కోకుండా లోపలికి పోయాడు. వాడు కంబళి అడ్డం పట్టిన చెట్టుకింద పుట్టినవాడు. వాడి నాయన మందలో ఉన్నప్పుడు పుట్టినవాడు. చెబితే నమ్మడు గాని వాడి పేరు కూడా ఈయన ఏదో పొట్టేలుకు పెట్టి ఉంటాడు ముందే.

చలిగాలి వీచింది. ఆయనకు కప్పుదామని తెచ్చిన కంబళి బండమీద అట్లాగే ఉంది. ఆ మందనుంచి కత్తిరించిన ఉన్నితో నేయించింది అది, ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ గబ్బు పోదు. కప్పబోతే నిన్న విసిరి కొట్టాడు. కెంచమ్మ దాన్ని తీసి తన నెత్తినే కప్పుకుంది. సంగటిని వేలితో నొక్కి చూసింది, రాయి. ఆ రాయిని చూడగానే ఆమెలో ఏదో తెగింది. అరవై దాటిన ముండను, పొద్దంతా వంగి వంగి పెరికి, ఒక్క ముద్ద నేనూ తినకుండా, ఈ లేని గొర్రెకోసం, ఈ చచ్చి ఎవరి కడుపులోనో అరిగిపోయిన గొర్రెకోసం, ఎన్ని మాపులు కూర్చోవాలి? ఇవాళ తేలిపోవాలి. లోపలికి పోయి, ఆ పెంటికల మధ్య నిలబడి, చేతులు చాపి చూపిస్తాను, చూడు, ఏముంది ఇక్కడ, కర్రిది లేదు, కుంటిది లేదు, ఒక్క బొచ్చు పోగు తప్ప ఏమీ లేదు, కండ్లు తెరిచి చూడు అని గట్టిగా అరిచి చెబుతాను, ఏడిస్తే ఏడవనీ, చస్తే ఇద్దరం ఇక్కడే చద్దాం. లేచింది. రొప్పం నోటికి అడ్డంగా పైన ఒక కంపకొమ్మ ఎప్పుడూ ఉంటుంది, మనుషులైతే వంగే పోవాలి. వంగాలా, వేరే వంగడమెందుకు, నడుము ముందే వంగి ఉంది. తల దించి, కంబళి జారకుండా గొంతు దగ్గర పట్టుకుని, ఆయన్ను తోసుకుంటూ లోపలికి అడుగు పెట్టింది.

చెయ్యి వీపుమీద పడింది.

పడి ఆగిపోయింది. "ఏందిది, తియ్యి" అని కసరబోయింది కెంచమ్మ. చెయ్యి మెల్లగా కదిలింది. ఉన్నిమీద వెనక్కీ ముందుకీ, వెన్నెముక వెంట ఒక్కొక్క పూసా నొక్కుకుంటూ, పక్కటెముకల మీదికి దిగి, అక్కడ వేళ్ళు విప్పి నిలిచింది. వెచ్చగా ఉంది. తడబడకుండా చదువుతోంది.

"వచ్చినావా బొల్లీ" అన్నాడు.

ఆమె నోరు తెరిచింది.

"ఎంత బక్కసిక్కినావే... ఎముకలన్నీ తగుల్తాండాయి. ఎవురూ మేత ఎయ్యలేదా నీకు? నడుము గూడా వంగిపాయె. ముసిల్దానివైతివి గదే, తల్లీ." చెయ్యి నిమురుతూనే ఉంది. "నా మింద కోపమొచ్చిండాదా? రాదా మరి. పిలిస్తే వస్తివి. వచ్చినదాన్ని నేనే ఎత్తి లారీలో ఏస్తి. ఇంగ ఎయ్యనులే. ఎవురు జెప్పినా ఎయ్యను. పో... లోపలికి పో, సల్లగాలి తగుల్తాది."

తెరిచిన నోరు మూసుకుంది కెంచమ్మ. మూసుకుని, వంగినది వంగినట్టే నాలుగడుగులు లోపలికి వేసింది. ఏడుపొచ్చింది. ఆ ఏడుపు మీద మళ్ళీ ఒళ్ళు మండింది. కాపురానికొచ్చిన నాటినుంచి ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, బక్కచిక్కినావే అని అడిగి ఉంటే ఏం పోయేది నీ సొమ్ము? నడుము వంగింది అని నీ కంటికి కనబడి ఉంటే? ఈ మాట వినడానికి గొర్రె తోలు కప్పుకుని రావాల్సి వచ్చింది నేను. గొర్రెకు చెప్పిన మాటే గాని నా వీపుకే కదా తగిలింది. ఎవరికి చెప్పావో నీకు తెలియకపోతే పోనీ, ఎవరికి చెప్పావో నాకు తెలుసు. ముక్కు చీది కంబళికి తుడుచుకుంది. వెనక తడిక కిర్రుమని మూసుకుంది, తాడు రెండు చుట్లు తిరిగింది, ముడి పడింది. ఓరి నీ పాసుగూల, నన్ను లోపలేసి మూసినాడే!

కంప సందుల్లోంచి చూసింది. మల్లేశప్ప రెండు చేతులూ పంచెకు తుడుచుకున్నాడు. బండ దగ్గరికి వచ్చాడు, కంచాన్ని చూశాడు, కూర్చున్నాడు. ముద్ద విరవబోతే విరగలేదు. "సల్లారిపోయిండాది" అని గొణిగాడు. కుక్కకు పెడతాడేమోనని కెంచమ్మ ఊపిరి బిగబట్టింది. గట్టిగా విరిచి, ఊరుబిండిలో అద్ది, నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు, గొంతు కదలడం కనబడింది. మరో ముద్ద. పంచలో టప్ టప్ చప్పుడు ఆగిపోయింది, భాగీరథమ్మ చాట ఒళ్ళో పెట్టుకుని కళ్ళప్పగించి చూస్తోంది, ఆమె వెనక గడపలో ఎర్రిస్వామి. వాళ్ళిద్దరికీ కనబడకుండా కెంచమ్మ పగిలిన తొట్టి పక్కన కిందకి కూలబడింది. తిను. తిను నాయనా. రాయయినా సరే తిను.

ఆత్రంగా తింటున్నాడు. రెండు రోజుల ఆకలి, ఎండిన ముద్ద. గొంతుకు అడ్డం పడింది. దగ్గాడు. వెక్కిళ్ళు పట్టాయి. ఎడమచెయ్యి పక్కకు చాపి చెంబుకోసం తడిమాడు, చెంబు లేదు. అప్పుడు తల ఎత్తి, ఇంటివైపు కాదు, వీధివైపు కాదు, ఎక్కడికో ఒకచోటికి గొంతెత్తి కేకేశాడు.

"కెంచీ! ఏయ్ కెంచీ! నీళ్ళు తెచ్చినావా?"

దిగ్గున లేచింది కెంచమ్మ. తడిక వైపు పోబోయి ఆగింది. తడిక విప్పితే ఇంకేముంది, మంద బయటపడ్డట్టే, మళ్ళీ కంచం తోసేసి లేచి నిలబడతాడు, మళ్ళీ మొదలు. "నీ గొర్రెలు మండిపోను, నీ బొల్లిదాన్ని మారెమ్మ ఎత్తుకపోను" అని పళ్ళు కొరుకుతూ వెనకవైపు పరుగెత్తింది, కంప పలచబడ్డ చోట చెయ్యి పెట్టి తోసింది. ముళ్ళు మోచేతిని గీరాయి, జుట్టు పట్టుకున్నాయి, చీర చరచర చిరిగింది. కంబళి చిక్కుకుపోతే దాన్ని అక్కడే వదిలేసింది. అడ్డదారిన ఇంట్లో దూరి, గడపలో అడ్డంగా నిలబడ్డ కొడుకును మోచేత్తో పక్కకు తోసి, కడవలో చెంబు ముంచి, సగం ఒలకబోసుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడింది. రొప్పుతోంది. నెత్తిన తుమ్మాకు, చేతిమీద నెత్తురు.

మల్లేశప్ప చెంబు అందుకోలేదు. తల ఎత్తి ఆమె మొహంలోకి చూశాడు. ఎవరమ్మా నువ్వు అంటాడని ఆమె గుండె గట్టి చేసుకుంది.

"ఇంతసేపా, నీళ్ళకు పోయి వచ్చేకి?" అన్నాడు కోపంగా. "యాడ కూసుంటివే, కెంచీ?"

కెంచమ్మ చెంబు ఇంకా ముందుకు చాపింది.

"యాడుండాయప్పా నీళ్ళు ఈ ఊర్లో?" అంది, చెంబు ఆయన చేతిలో కుక్కి. "తాగు."

తాగాడు. మూతి తుడుచుకున్నాడు. మందంతా దొడ్లో పడ్డాక ఎప్పుడూ చెప్పే మాట, ఎన్నేళ్ళో ఆమె విసుక్కుంటూ విన్న మాట, చెప్పాడు. "అన్నీ వచ్చినాయి, కెంచీ."

"వచ్చినాయి, వచ్చినాయి, నేను గూడా వస్తి" అంది. పక్కన బండమీద కూర్చుని జుట్టులోని ముల్లు పీక్కుంటూ గడపవైపు తిరిగి, "ఒరే ఎర్రిస్వామీ, ఆ కంప మింద చెయ్యేస్తివంటే చేతులిరుస్తా, చెప్తాండా. పొయ్యి రాజెయ్యమను భాగీరథమ్మను. ఉడుకుడుకు సంగటి తెమ్మను, ఇద్దరికీ" అని కేకేసింది.